నా ఒంటికి సరిపడే ప్లాన్

“కరెంటు పెట్టించుకోనీకి పోతున్నవా, పెండ్లికి పోతున్నవా? నాలుగు రొట్టెలు కాల్చనీకి గింత సేపా?” అన్నాడు మా ఆయన చంద్రకాంత్, వంటింటి గడపలో నిలబడి. నాలుగు కాదు, కంది కోతకు వచ్చే కూలీలందరికీ సరిపడా జొన్నరొట్టెలు. ఎడమ రొమ్ము తీసేసి నాలుగు నెలలే అయింది. ఆ పక్క చెయ్యి పైకెత్తితే ఇంకా గుంజుతుంది. ఒంటిచేత్తో కొడితే రొట్టె ఎటో ఒక పక్క చిరుగుతుంది. ఇదంతా చెప్పే తీరిక నాకు లేదు, వినే తీరిక ఆయనకు లేదు. రేడియేషన్‌ను మా ఊరు యాలాల్‌లో కరెంటు పెట్టడం అనే అంటారు. “కోసి తీసేసిన జాగల మల్ల కరెంటేంది?” అని మా అత్తమ్మ హన్మమ్మ అడగని రోజు లేదు. చర్మం కింద మిగిలిన కణాలు మళ్లీ పెరగకుండా మూడు వారాలు వరసగా పెట్టాలని, నడుమ మానితే రోగం తిరగబెట్టవచ్చని డాక్టరమ్మ అందరి ముందే చెప్పింది. ఆ మాట మా ఇంట్లో నాకొక్కదానికే వినిపించినట్టుంది.

ఆ రోజు మొదటి రోజు. తాండూరులో రైలెక్కి, వికారాబాద్‌లో దిగి, ఊరి బయట కొత్తగా కట్టిన ఆసుపత్రికి ఒక్కదాన్నే వెళ్లాను. వారం కిందట, కరెంటు ఎక్కడ పెట్టాలో ప్లాన్ వేయడానికి స్కాన్ తీసినప్పుడు మాత్రం చంద్రకాంత్ వెంట వచ్చాడు. స్కాన్ తీసేవాళ్లు ఇద్దరూ మగవాళ్లే. దుప్పటి పక్కకు జరిపి, చెయ్యి తల మీదికి ఎత్తి పడుకోమన్నారు. తలుపు దగ్గర నుంచి ఈయన, “సిగ్గు పడితే ఎట్ల? జర జల్ది కానీయ్, వాళ్లకు వేరే పనులుండవా?” అన్నాడు. నేను భుజాలు దగ్గరికి లాక్కుని, ఊపిరి బిగబట్టి పడుకున్నాను. అలా ముడుచుకోవడం నాకు కొత్తేమీ కాదు. ఆపరేషన్ అయ్యాక తాండూరులో నేను పాఠాలు చెప్పే బడికి తిరిగి వెళ్తే, హెడ్మాస్టర్ నా మొహం చూడకుండానే “పిల్లలు చూస్తరు టీచర్, కొంగు జర నిండుగ కప్పుకోండి” అన్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఆ రోజు నుంచి కొంగు ఒక్కటే కాదు, నన్ను నేనే లోపలికి లాక్కుని నడుస్తున్నాను. కొన్నాళ్లకు అదే నా ఒళ్లు అనుకున్నాను.

మొదటి రోజు కరెంటు గదిలో ఉన్నది మిషను నడిపే ఒక్క ఆడపిల్లే. తలుపు మూసింది, ఒళ్లంతా కప్పి, కావాల్సినంత మేరే తీసింది. నాకు తెలియకుండానే కొంచెం స్థిమితంగా పడుకున్నట్టున్నాను. మిషను నుంచి పడే వెలుగు స్కాన్ రోజు నా ఛాతీ మీద గీసిన గీతల్లో పడలేదు, పక్కకు పోయింది. ఆ పిల్ల ఎన్నిసార్లు జరిపినా అంతే. చివరికి ఫోన్ చేసి నిరోషా మేడమ్‌ను పిలిచింది.

నిరోషా మేడమ్‌ది కుల్కచర్ల. వైద్యం డాక్టరమ్మదే అయినా, మేము కరెంటు అనే ఆ ఎలక్ట్రాన్లను ఏ కోణంలో, ఎంత బలంతో, ఎంత లోతుకు పంపాలో కంప్యూటర్‌లో ప్లాన్ వేసేది ఈమె. వయసులో నాకంటే చాలా చిన్నది. జడలో పెన్ను గుచ్చుకుని పరుగున వచ్చింది. ఆమె వెనకే ఆ విభాగం పెద్ద శ్రీహరి సార్ వచ్చి తలుపు దగ్గర నిలబడి, “స్కాన్‌ల ఎట్లుందో గట్ల జర ముడుచుకోమనమ్మా. పాత ప్లానే సరిపోతది” అన్నాడు.

ఆయన మాట ముగియకముందే నేను ముడుచుకోవడం మొదలుపెట్టాను. అంత మంచి అలవాటు నాది.

“ఆగక్కా” అని మేడమ్ నా భుజం మీద చెయ్యి వేసింది. తర్వాత గొంతు పెంచకుండానే అంది: “వద్దు సార్. రోజూ ఒక్క తీరుగ ముడుచుకోవుడు ఎవ్వరితోని కాదు. భుజం జర వదిలితే ఛాతీ వాలు మారుతది. కొట్టాల్సిన జాగ తప్పి ఊపిరితిత్తికి తాకుతది. ప్లాన్ ఆమెకు సరిపోవాలె గని, ఆమె పోయి ప్లానుకు సరిపోవుడేంది?”

“రెండు రోజులు లేటైతది నిరోషా.”

“కానీయండి సార్, నేను కూసుంట.”

ఆయన ఒక క్షణం ఆలోచించి సరేనన్నాడు. నా గురించి నా ముందే జరిగిన మాటలు జీవితంలో చాలా విన్నాను. నా పక్షాన ఒకరు మాట్లాడగా వినడం అదే మొదలు. బల్ల మీద అలా పడుకునే ఉండి, మేడమ్‌కు మనసులో దండం పెట్టుకున్నాను.

రెండో స్కాన్‌కు తనే వచ్చింది. మగవాళ్లను బయటికి పంపింది. “అక్కా, ఇంట్ల ఎవ్వరూ లేనప్పుడు ఎట్ల పండుకుంటవో గట్ల పండుకో” అంది. నేను ఆలోచించాను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు బట్టలు ఉతికాను, పప్పులో రాళ్లు ఏరాను, పిల్లల నోట్‌బుక్కులు దిద్దాను. పడుకున్నట్టు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. అదేదో తమాషా అయినట్టు నవ్వుతూ చెప్పాను. ఆమె నవ్వలేదు. “అయితే ఇయ్యాల నేర్చుకో. నాకేం తొందర లేదు” అని లైటు తగ్గించి, అటు తిరిగి నిలబడింది. చాలాసేపటి వరకూ నా ఒళ్లు నా మాట వినలేదు. తర్వాత ఎప్పుడో భుజం దానంతటదే కిందికి జారింది, ఊపిరి కడుపు దాకా దిగింది. కంటి పక్క నుంచి చెవిలోకి నీళ్లు కారాయి. అప్పటిదాకా ఆమె ఒక్కసారి కూడా అయిందా అని అడగలేదు.

మరుసటి రోజు ప్లాన్ ఎట్లా వేస్తారని అడిగితే, అది వేసేచోట కుర్చీ వేసి చూపించింది. తెర మీద నేను సన్నటి ముక్కలు ముక్కలుగా ఉన్నాను. ఒక్కో ముక్కలో గుండె చుట్టూ, ఊపిరితిత్తి చుట్టూ గీతలు. అన్నీ తను గీసినవే. “కాపాడాల్సినయి కూడా గీస్తం అక్కా. కొట్టే జాగ ఒక్కటే గీస్తే ప్లాన్ కాదు” అంది. ఆ సాఫ్ట్‌వేర్ కోట్ల ఎలక్ట్రాన్లను ఉత్తుత్తిగా నా ఒంట్లోకి పంపి, ఏది ఎక్కడ ఆగుతుందో ముందే లెక్క కడుతుందట. ఎలక్ట్రాన్ల మంచి గుణమే అది, కొంచెం లోతు పోయి ఆగిపోతాయి. కోణం కొంచెం మార్చి, చర్మం మీద పరిచే జెల్లీ ముక్క మందం మార్చి, మళ్లీ లెక్క వేయించింది. ఎరుపంటే దెబ్బ ఎక్కువ తగిలే చోటు, నీలమంటే తక్కువ తగిలే చోటు అట; ఊపిరితిత్తి మీద ఎర్రగా ఉన్నది పసుపు అయింది. నాకైతే చాలనిపించింది. ఆమెకు చాలలేదు. మళ్లీ మార్చింది, నీలం అయింది. టీ చల్లారిపోయినా తెర మీంచి చూపు తిప్పలేదు. నాకు ఎక్కడ దెబ్బ తగలకూడదో ఒక మనిషి ఇంతసేపు కూర్చుని ఆలోచించడం నేను ఎరగను. పెళ్లయి పదహారేళ్లు, ఈ మాట రాయడానికి సిగ్గుగా లేదు.

“పొద్దుగాల రొట్టెలు కొట్టి, రైల్ల నిలబడి వస్తే భుజం బిగుసుకుంటది అక్కా. ఈడ పేషెంట్లకు గదులున్నయ్, చెప్పమంటవా?” అంది మేడమ్. చెప్పమన్నాను. బయటికి వచ్చి చంద్రకాంత్‌కు ఫోన్ చేశాను.

“ప్లాన్ మల్ల వేసిన్రు. రేపు షురూ. మూడు వారాలు నేను ఈడనే ఉంటున్న.”

“మరి కూలోళ్లకు వంట?”

“మనిషిని చూసుకో.”

“మొదటి ప్లానుకే జర సర్దుకొని పండుకుంటే అయిపోతుండె గదా శ్యామలా! ఇన్నేండ్ల సంది సర్దుకపోతలేవా?” అన్నాడు.

“సర్దుకపోయిన. గందుకే మొదటి ప్లాన్ తప్పు వచ్చింది” అన్నాను.