అరుగు మీద ఉప్పుపిట్ట

ఆ తేదీ ఎల్లాజీకి తర్వాత కూడా గుర్తుండిపోయింది. రెండువేల పదిహేడు, మే పదమూడు, శనివారం. రాత్రి మిగిలిన అన్నంలో పులిసిన తరవాణి నీళ్ళు పోసుకుని, వేయించిన నెత్తళ్ళ ఎండుచేపలు నంజుకుంటూ తిన్నాడు. కుడిచెయ్యి కంచంలో ఉండగానే ఎడమచేతి బొటనవేలితో ఫోనులో ఆ మాటే రాశాడు. "తరవాణి అన్నం, నెత్తళ్ళు. ఉల్లిపాయ కోసే ఓపిక లేదు."

రాసింది అరుగు మీద. అరుగంటే ఇంటి ముందుది కాదు. ఎక్కడెక్కడో ఉన్న తెలుగు ప్రోగ్రామర్లు కలుసుకునే ఒక వెబ్‌సైటులో చిట్టచివరి గది పేరు. మిగతా గదుల్లో కోడు గురించి జుట్లు పట్టుకునేవాళ్ళు కూడా ఇక్కడికొస్తే ఆ ఊసెత్తకూడదు. పూణేలో ఒకావిడ జొన్నరొట్టె గుండ్రంగా రావడం లేదని వాపోతుంది. బెంగుళూరులో ఒకతను పాత బస్సు టిక్కెట్లు పోగుచేస్తాడు. ఇంకొకాయన మేడమీద కుండీలో వేసిన కాకరపాదుకి రోజూ కొత్త జబ్బు కనిపెడతాడు. ఒకరి అసలు పేరు ఒకరు అడగరు. రాసినదానికి జవాబు రాలేదని ఎవరూ నొచ్చుకోరు. వచ్చి కూచోవడం, పొద్దున ఏం తిన్నదో, ఏం చూసిందో ఒక మాట చెప్పడం, లేచిపోవడం. అరుగు పద్ధతి అది.

ఉప్పుపిట్ట అన్న పేరుతో రాసే ఒకతను ఆవేళ కూడా అందరికంటే ముందే వచ్చి వెళ్ళాడు. "రాత్రి వాన. మళ్ళలో ఉప్పంతా కరిగిపోయింది. కొంగలకి మాత్రం పండగ."

ఎల్లాజీ చదివి, చెయ్యి కడుక్కుని, కంచం కూడా కడిగి బోర్లించాడు. భార్య గౌరి పోయాక ఇంట్లో మాటన్నది ఈ ఫోనులోదే. ఉప్పుపిట్టది నౌపడ. రోజూ ఉప్పుమళ్ళ గురించో, వాటిమీద వాలే పిట్టల గురించో ఒక ముక్క రాస్తాడు. రెండు వారాల కిందట రాసిన ముక్క మాత్రం ఎల్లాజీ గుండెకి పట్టుకుంది. "రైల్వే గేటు పక్కన మా కిరాణా కొట్టు. వెనక గది ఖాళీగా ఉంది. గాలి బాగా ఆడుతుంది. ఊరిమీద విసుగొచ్చినవాళ్ళు ఎవరైనా వచ్చి ఉండొచ్చు."

విజయనగరంలో ఎల్లాజీకి ఈ నెలాఖరు వరకే పని. గంటస్తంభం దగ్గర హరిబాబు కంప్యూటర్ల కొట్టులో ఇరవై ఏళ్ళుగా చేస్తున్నాడు. షావుకార్ల కొట్లకి బిల్లులు వేసే ప్రోగ్రాము ఒకటి అతనే రాశాడు. గజపతినగరం మొదలు టెక్కలి దాకా అదే నడిచేది. జులై నుంచి కొత్త పన్ను వస్తోందని అందరూ పెద్ద కంపెనీల సరుకు కొనుక్కున్నారు. హరిబాబు ఆ కొట్టు తీసేసి సెల్‌ఫోన్లు పెడుతున్నాడు. భీమిలి దగ్గర చేపల వలలు లాగేవాళ్ళ ఇంట్లో పుట్టి, ఆ ఇంట్లో అందరికంటే మొదట డిగ్రీ చదివిన ఎల్లాజీకి, నలభై ఏడో ఏట అటు సముద్రం చేతకాదు, ఇటు కొత్త ప్రోగ్రాములు ఎవరూ ఇవ్వరు. అయినా అతన్ని భయపెట్టేది పని కాదు. పని కూడా లేని గదిలో, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడూ కూచోవడం.

ఆ గది అడగాలి. అదీ అతను మనసులో గట్టిచేసుకున్నది. వారం కిందట ఉప్పుపిట్టకి విడిగా ఒక ముక్క రాశాడు, వద్దామనుకుంటున్నానని. జవాబు రాలేదు. అరుగు మీదివాడు కదా, జవాబెందుకు రాస్తాడనుకున్నాడు. మర్నాడు పొద్దున్నే వచ్చి పిట్టల సంగతి రాశాడుగా, అంటే కోపం లేదన్నమాట.

దేవుడు దయతలచి హరిబాబే ఆవేళ నౌపడ పక్కనున్న టెక్కలిలో పని చెప్పాడు.

"మన పాత పోగ్రాం తీసీసి, లెక్కలన్నీ కొత్తోళ్ళకి అప్పగించీ. బీమశంకర్రావుగారు పది సార్లు ఫోన్ సేసినారు. తొరగా ఎల్లు బాబూ."

"అలాగేనండి. రాత్రికి రాకపోతే ఎదురుసూడకండి."

"ఏటి, సుట్టాలున్నారేటి అక్కడ?"

ఎల్లాజీ నవ్వి సంచీ భుజాన వేసుకున్నాడు. చాలా కాలానికి ఆ ప్రశ్నకి లేరని చెప్పక్కర్లేకపోయింది.

పలాస పాసింజరు నిండా జనం. శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో ముంజల గంప ఎత్తుకుని ఎక్కిన ఒకావిడ కిటికీ పక్కన కూచుని, రెండు స్టేషన్లు పోయాక, "నువ్వు ఇటు కూకో నాయినా, నాకు ఎండ పడదు," అని చోటు మార్చింది. దిగేటప్పుడు ఒక ముంజ అతని చేతిలో పెట్టింది. ఎందుకని అడగలేదు. చల్లగా, లేతగా ఉంది.

నౌపడ దగ్గర పడుతుండగా ఉప్పుమళ్ళు కనిపించాయి. ఎల్లాజీ కిటికీ కడ్డీలకి మొహం ఆనించి చూశాడు. మళ్ళన్నీ ఎండలో తళతళ మెరుస్తున్నాయి. గట్లమీద ఉప్పు తెల్లటి కుప్పలుగా పోసి ఉంది. ఆడవాళ్ళు గంపలకెత్తుతున్నారు. దారి పొడుగునా దుమ్ము. వాన పడిన జాడ ఎక్కడా లేదు. మళ్ళు చాలా దూరం ఉంటాయి కదా, ఆ పక్కన ఎక్కడో పడి ఉంటుంది, అనుకున్నాడు.

నౌపడలో దిగి, ముందు పని ముగించుకుందామని ఆటోలో టెక్కలి వెళ్ళాడు. అక్కడ పని గంటలో అయిపోయింది. షావుకారు భీమశంకరరావుగారు గల్లా వెనక కూచుని, తన పాత స్క్రీను చివరిసారి ఆరిపోవడం చూశారు.

"మంచి పోగ్రామే నాయినా. ఏనాడూ మొరాయించలేదు. ఏటి సేస్తాం, గవర్నమెంటోడి గోల. ఇక నీకేటి పని?"

"నౌపడ ఎల్తన్నానండి. అక్కడ మావోడు ఒకడున్నాడు."

మావోడు. ఆ మాట నోట్లోంచి వచ్చాక అతనికే సిగ్గేసింది. ఆటోలో వెనక్కి వచ్చేటప్పుడు మాత్రం పెదాలమీదికి అదే మాట మళ్ళీ మళ్ళీ వచ్చింది.

గేటు పక్కన కిరాణా కొట్టు ఒక్కటే ఉంది. అరల్లో సరుకు సగం ఖాళీ. డెబ్భై దగ్గర పడిన ఒకావిడ అట్టపెట్టెలో సబ్బులు సర్దుతోంది.

"ఎవలు కావాల బాబూ?"

పేరు తెలియదు. ఎల్లాజీ తడబడ్డాడు. "కంప్యూటర్ పని సేస్తారు కదమ్మా... పిట్టల గురించి రాస్తారు..."

"జగన్నాధమా? నా తమ్ముడే." ఆవిడ సబ్బు చేతిలోనే పట్టుకుని అతని వంక చూసింది. "ఆడు పోనాడు నాయినా. ఉగాది ఎల్లిన వారానికి. నీకెవలూ సెప్పలేదేటి?"

ఎల్లాజీకి అర్థం కాలేదు. ఇంకో జగన్నాధం ఎవరో ఉండి ఉంటారనుకున్నాడు. "కాదమ్మా, ఈ పొద్దున్న కూడా రాసినారు. రాత్రి వానొచ్చిందని."

"వానేటి? వానొచ్చి నెలయినాది."

ఆవిడకి ఏదో తట్టినట్టుంది. లేచి, "రా సూపిస్తాను," అని కొట్టు వెనక్కి తీసుకెళ్ళింది. ఆవిడ పేరు లక్ష్మణమ్మట. నడుస్తూ చెప్పింది. తమ్ముడికి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి శ్రీకాకుళం తీసుకెళ్ళేది. పెళ్ళి చేసుకోలేదు. ఈ గదిలోకే మంచం మార్చుకున్నాడు.

గదిలో మంచం ఎత్తేశారు. బల్లమీద పాత కంప్యూటరు ఒకటి సన్నగా మూలుగుతోంది. కీబోర్డు మీటల మీద చిన్న చిన్న కాగితం ముక్కలు అంటించి తెలుగు అక్షరాలు రాసుకున్నాడు.

"దీన్ని ఆపకు అక్కా, ఆసుపత్రికెల్లిన రోజు నా బదులు ఇది పని సేస్తాది అనీవోడు. ఏటి పనో నాకు తెల్దు. ఆపొద్దన్నాడు, ఆపలేదు. తుడుస్తన్నాను, అంతే."

ఎల్లాజీ కుర్చీ అంచున కూచుని చూశాడు. చిన్న ప్రోగ్రాము. అతనికి చదవడానికి ఎంతో సేపు పట్టలేదు. రోజూ పొద్దున్నే అరుగు దగ్గరికి వెళ్తుంది. ఆ రోజు జగన్నాధం ఏమీ రాయకపోతే, పోయిన ఏడాది అదే తేదీన అతను ఏం రాశాడో తెస్తుంది. దాన్నే మళ్ళీ అక్కడ పెడుతుంది. ఆసుపత్రిలో ఉన్న రోజు తన చోటు ఖాళీగా కనిపిస్తే అక్కడివాళ్ళు బెంగపడతారని రాసుకుని ఉంటాడు. ఎంత మర్యాద. ఆపే షరతు మాత్రం రాయలేదు. వచ్చే ఏడు ఈ ఏటి మాటలు తెస్తుంది, అవి నిరుటివే. ఎవరూ ఆపకపోతే దానికి అంతం లేదు.

అంటే ఆ వాన నిరుటిది.

నిరుటి ఏప్రిల్ తీశాడు. ఆ మాట ఉంది. రైల్వే గేటు, వెనక గది, గాలి. ఒక్క అక్షరం తేడా లేదు. దాని కింద నిరుడు వచ్చిన జవాబు కూడా ఒకటే ఒకటి ఉంది. "అదృష్టవంతులండీ, గాలి ఆడే గది ఉంది." రాసింది ఎల్లాజీ. అప్పుడు గౌరి ఆసుపత్రిలో ఉంది. వరండాలో నిలబడి, మందుల చీటీ చేత్తో పట్టుకుని రాసి ఉంటాడు. రాసి మర్చిపోయాడు. ఏడాది తిరిగాక అదే మాట చదివి, తనకోసమే రాశాడనుకున్నాడు. రోజూ చదివే మనిషిని, చదివినవాటినే మళ్ళీ చదువుతూ కూడా పోల్చుకోలేకపోయాడు. తను ఒక్కడే కాదు, అరుగు మీద ఎవరూ పోల్చుకోలేదు.

"నువ్వు ఆడికి బాగా తెలిసినోడివా నాయినా?" అంది లక్ష్మణమ్మ.

"తెలిసినోణ్ణే అమ్మా."

"ఆడికి నేస్తులెవలూ లేరనుకున్నాను. దినాలకి కూడా ఎవలూ రాలేదు." ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇంత ఎండలో వచ్చినావు. అన్నం తిన్నావా?"

తినలేదు. వంకాయ కూర, చారు, చివర పెరుగన్నంలో ఊరమిరపకాయ. ఆవిడ కొసరి కొసరి వడ్డించింది. ఆ కూర రుచిగా ఉండడం ఎల్లాజీకి బాధగా కూడా ఉంది. తింటూ, ఎలా అడగాలో తెలియక, ఇలా అడిగాడు.

"ఈ గది... ఎవలికైనా అద్దెకిస్తారామ్మా?"

"ఇంకెక్కడి గది నాయినా. కొట్టు అమ్మీసినాను. నెలాకరికి ఖాళీ సెయ్యాలి. మా అమ్మాయి ఉష బరంపురం తీసుకుపోతానన్నాది." తర్వాత అతని మొహం చూసి, "నీకేనా కావాల్సింది?" అంది.

"కాదమ్మా. ఊరికే."

చెయ్యి కడుక్కొచ్చాక ఫోను తీశాడు. అరుగు తెరిచి చాలాసేపు చూశాడు. ఇతను పోయాడు అని అక్కడ ఎలా రాస్తారో అతనికి తెలియలేదు. ఎవరూ ఎప్పుడూ రాయలేదు. తెలిసిన పద్ధతి ఒకటే. "మధ్యాహ్నం ఉప్పుపిట్ట ఇంట్లో అన్నం తిన్నాను. వంకాయ కూర," అని రాశాడు.

వెంటనే పూణే ఆవిడ, "అన్యాయం! మమ్మల్ని పిలవలేదేం?" అంది. కాకరపాదు ఆయన, "మనిషి ఎలా ఉంటాడు? లావా, సన్నమా?" అన్నాడు. బస్సు టిక్కెట్ల కుర్రాడు నవ్వే బొమ్మ పెట్టాడు. ఎల్లాజీ రాయబోయాడు. "పోయాడు" అన్న మాట వేలికి రాలేదు. ఫోను జేబులో పెట్టేశాడు. జవాబు లేదని అక్కడ ఎవరూ నొచ్చుకోరు.

సాయంత్రం బండికి ఇంకా వేళుందని ఆవిడ సబ్బులపెట్టెలకి తాళ్ళు కట్టాడు. పొద్దువాలింది. గేటు దగ్గర గూడ్సు బండి ఒకటి చాలాసేపు నిలబడి, కదిలి వెళ్ళింది.

"అది ఆపీమంటావా?" అంది లక్ష్మణమ్మ గదివైపు చూపించి. "నువ్వు తెలిసినోడివి. నువ్వు సెప్పు."

ఎల్లాజీ గుమ్మంలో నిలబడి ఆ మూలుగు విన్నాడు. ఒక్క మీట నొక్కితే చాలు. రేపు పొద్దున అరుగు మీద ఉప్పుపిట్ట ఉండడు. ఎందుకు రాలేదని కూడా ఎవరూ అడగరు. నొక్కకపోతే, నెలాఖరుకి సామాన్లు ఎత్తే కూలివాడు ఎవడో తీగ లాగేస్తాడు.

"మీరు ఎల్లీవరకు ఉండనీండమ్మా."

"సర్లే. నువ్వు జాగర్తగా ఎల్లు. రేపేటి తింటావు, ఒక్కడివే?"

అతను ఏదో ఒకటి చెప్పి చెప్పులు వేసుకున్నాడు. కొట్టు దాటి రోడ్డుమీదికి వచ్చాక ఒకసారి వెనక్కి చూశాడు. లక్ష్మణమ్మ గదిలోకి వంగి ఏదో జరిపి, బయటికొచ్చింది. నిద్రపోయే మనిషి లేస్తాడేమోనన్నట్టు తలుపు చప్పుడు కాకుండా దగ్గరగా లాగి, గొళ్ళెం పెట్టింది.

పక్క కిటికీలోంచి కనిపించింది. ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానునీ ఆ కంప్యూటరువైపు తిప్పి వదిలి వెళ్ళింది.