ఏడో రికార్డు, రెండో వైపు

చూపుడువేలు లేచింది. అంటే ఎక్కడో ఒక టిక్కు వినబడిందన్నమాట.

అతను కళ్లు మూసుకునే ఉన్నాడు. చెవుల మీద కొబ్బరిచిప్పల్లాంటి హెడ్‌ఫోన్లు, ముందు గిర్రున తిరుగుతున్న నల్లని రికార్డు, చుట్టూ చప్పుడు మింగే స్పాంజి అట్టలు అంటించిన గోడలు. తలుపు వేస్తే ఆ గదిలో తుమ్ము కూడా సిగ్గుపడి వెనక్కి పోతుంది. లేచిన వేలు గాలిలోనే ఆగి ఎదురుచూసింది. రికార్డు ఒక చుట్టు తిరిగి వచ్చింది. మళ్లీ టిక్కు. ఇంకో చుట్టు. మళ్లీ టిక్కు. చుట్టుచుట్టుకీ వస్తే అచ్చులోనే తప్పుందని అర్థం, వెనక్కి పంపాలి. ఒక్కసారి పలికి ఊరుకుంటే అది దుమ్ము, క్షమించి వదిలేయాలి. తప్పుకీ దుమ్ముకీ తేడా తేల్చడమే అతని ఉద్యోగం. కోర్టుల్లో ఇదే పనికి నల్లకోట్లు తొడుక్కుంటారు. ఇతనిది చేతుల దగ్గర మాసిన నీలం చొక్కా.

అది రికార్డులు అచ్చువేసే ఫ్యాక్టరీ. కరిగిన నల్లటి ముద్దని రెండు పలకల మధ్య పెట్టి, ఆవిరితో కాల్చి, నొక్కి, చల్లార్చి తీస్తారు. వేలల్లో తీసేముందు నాలుగైదు నమూనాలు తీసి ఇతని గదికి పంపుతారు. ఇతను విని, బాగుందంటే తలుపుకి ఆకుపచ్చ రేకు తగిలిస్తాడు. అప్పుడు గాని మరలు కదలవు. అక్కడ అందరూ చేతులతో పనిచేస్తే ఇతనొక్కడూ చెవులతో చేస్తాడు కాబట్టి అందరూ ‘చెవిగారు’ అనేవారు. అతని జీతం సంగతి మాత్రం మేనేజరు ఏళ్ల తరబడి పెడచెవిన పెడుతూ వచ్చాడు. వినడానికి జీతమిచ్చే చోట వినిపించుకునే నాథుడు లేకపోవడం చూసి చెవిగారికి నవ్వొచ్చేది.

పాటంటే చెవి కోసుకునేవాళ్లు లోకంలో చాలామంది. చెవిగారు చెవిని అద్దెకిచ్చుకున్నవాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పాటల మధ్యనే ఉన్నా ఒక్క పాటా అతని తలకెక్కేది కాదు. పాట అతనికి అడ్డం. దాని వెనక నక్కి కూర్చున్న చిటపటలు, గురగురలు, బుసలు కావాలి. రాగాలు ఒక చెవిలోంచి వచ్చి రెండో చెవిలోంచి పోయేవి, లోపాలు మాత్రం లోపలే ఉండిపోయేవి.

పాట పిచ్చి అతనిది కాదు, అక్కది.

అక్క దర్జీ. వీధివైపు కిటికీ కింద తొక్కుడు మిషను, మెడలో కొలత టేపు, కుడి బొటనవేలి గోటిలో ఎప్పటికీ పోని సుద్ద. పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని పట్టుకుని, సూదులు లేనప్పుడు కూడా నోటి ఎడమ మూల నుంచే మాట్లాడేది. తల్లి పోయేటప్పటికి తమ్ముడికి లాగు జారకుండా పట్టుకోవడం కూడా రాదు. అక్కే ఆ లాగు కుట్టి, అక్కే బడిలో వేసి, అక్కే ఈ ఫ్యాక్టరీ గేటు దాకా దిగబెట్టింది. ఆ ఇంట్లో రెండు సూదులు ఉండేవి. ఒకటి బట్టలో దిగేది, ఇంకోటి పాటలో దిగేది. రెండో సూది జీతం తెచ్చింది గాని, సంసారాన్ని చిరగకుండా కుట్టుకొచ్చింది మొదటి సూదే.

ఇల్లు ఖాళీచేసి పోతున్న కోటు కుట్టించుకున్న ఒకాయన కుట్టుకూలి కింద ఒక రికార్డు ప్లేయరూ, ఒకే ఒక్క రికార్డూ ఆమె చేతిలో పెట్టాడు. అట్ట మీద ఆకాశంలో ఈదుతున్న చేప, దాని కింద జులపాల జుట్టుతో అయిదుగురు మగాళ్లు. ఆ బృందానికి అది ఏడోది, ఆఖరిది. రెండో వైపు మొత్తం ఒకటే పాట. అది మొదలయ్యేటప్పుడు కుట్టడం మొదలెట్టిన చొక్కా చెయ్యి, పాట అయ్యేసరికి అయిపోయేది. ఇక తాళం సంగతి, వాళ్లు ఏడు అంకెలకే లెక్కపెట్టి మళ్లీ ఒకటికి పోతారు. ఎనిమిదోది ఉంటుందనుకుని కాలు వేస్తే, లేని మెట్టు మీద అడుగు వేసినట్టే. మొదట్లో అక్క కుట్టు వంకర పోయేది. తర్వాత ఆమె కాలే ఏడుకి అలవాటు పడింది. వీధిలోవాళ్లు ఆ ఇంటి మిషను కుంటుతోందని అనేవారు.

ఆ రికార్డుకి నుదుటిగీతలాంటి లోతైన గీత ఒకటి ఉండేది. రెండో వైపు మధ్యలో, వాయిద్యాలన్నీ తగ్గి, పాడేవాడు నిండుగా ఊపిరి పీలుస్తాడు. అంతే. ముల్లు ఎగిరి అవతల పడుతుంది. అప్పటికే వాడు గొంతు చించుకుని అరుస్తుంటాడు. బరువు పెడితే ఆగుతుందేమోనని అక్క ఒక నల్ల కోటు గుండీని ముల్లు పట్టుకునే తల మీద నల్లదారంతో కట్టింది. అయినా ముల్లు గంతు వేయక మానలేదు. గుండీని మాత్రం ఎవరూ విప్పలేదు.

ఆ ఖాళీలో ఏముంది? ఆ ఇంట్లో అదొక కాలక్షేపం.

“అంత ఊపిరి ఊరికే పీలుస్తాడా? ఏదో చెప్పబోయాడు,” అనేది అక్క.

ఆమెకి సంబంధం దాదాపు కుదిరిన ఏడాది, అక్కడ వాడు ‘వస్తాను’ అని ఉంటాడంది. అది తప్పిపోయిన తర్వాత ‘రాను’ అని ఉంటాడంది. ఇంకొన్నాళ్లకి, “ఏమీ అనుండడు, దగ్గి ఉంటాడు వెధవ,” అని దారం కొరికేసింది.

ఆ ఒక్క రికార్డు తప్ప ఆ అయిదుగురి గురించి వాళ్లకి మరేం తెలియదు. అలాంటిది, పోయిన ఏడాది కంపెనీవాళ్లు పాత టేపులు బయటికి తీసి, ఏడు రికార్డులనూ ఒకటి నుంచి వరసగా మళ్లీ అచ్చువేయడానికి ఇదే ఫ్యాక్టరీకి ఇచ్చారు. అప్పటికే అక్క మిషను దగ్గర కూర్చోలేకపోతోంది. ఊపిరితిత్తులు పాడయ్యాయన్నాడు డాక్టరు. బట్టల నూగో, వయసో, మరింకేదో, ఆయనకీ తెలియలేదు.

“ఫోన్లో కొడితే అన్నీ వస్తాయట అక్కా, ఏడోదీనూ.”

“ఆకలేస్తే భోజనం ఫోటో చూస్తామేంట్రా? వరసలో రానీ. ఏడోది ముందు తెచ్చావంటే తలుపు తియ్యను.”

అలా ఒక్కో నమూనా, పేరైనా లేని తెల్ల చీటీతో, అతని సంచిలో ఇంటికొచ్చింది. మొదటి రికార్డులో ఆ అయిదుగురూ మీసాలు రాని కుర్రాళ్లు. ఎవరినో చూసి కాపీ కొడుతున్నారంది అక్క. రెండోదాంట్లో ఎవరికో వేణువు దొరికింది, వద్దన్నా వదలడు. మూడోదాంట్లో అల్మారా అంత ఆర్గను పెట్టె వేసుకుని వాళ్లలో ఒకడు దిగాడు, అక్క వాడికి ‘అల్మారా’ అని పేరు పెట్టింది. నాలుగోదాంట్లో మొదటిసారి ఏడు లెక్క ఎత్తుకుని, మధ్యలో ఎవడో ఒక దెబ్బ ఎక్కువ కొట్టి దొరికిపోయాడు. అక్క దగ్గొచ్చేదాకా నవ్వింది. “నా కుట్టే నయం,” అంది. అయిదోదాంట్లో వాళ్లలో వాళ్లకి పడటంలేదు, ఎవరి పాట్లు వాళ్లవి, అందరివీ కలిపి పాటలన్నారు. ఆరోదాంట్లో పాడేవాడి గొంతు జీరబోయింది. పెద్దయ్యాక పరిచయమైన మనిషి చిన్నప్పటి ఫోటోలు ఒక్కొక్కటీ చేతికందుతున్నట్టు ఉండేది. వాళ్లు అటునుంచి పెద్దవాళ్లవుతుంటే, ఇటు అక్క తగ్గుతూ వచ్చింది. మొదటి రికార్డుని కుర్చీలో విన్నది, మూడోదాన్ని మంచం మీద ఆనుకుని విన్నది, ఆరోదాన్ని పడుకుని. ఇక ఇంట్లోనే ఉంచుకోండన్నాడు డాక్టరు, చెప్పులు తొడుక్కుంటూ.

ఇవాళ పొద్దున అతను బయల్దేరుతుంటే అక్క నోటి మూల నుంచి అడిగింది.

“ఇవాళేనా?”

“ఇవాళే. సాయంత్రం పట్టుకొస్తా.”

“అయితే నువ్వు ముందే వినేస్తావు.”

“నా పనే అది కదక్కా.”

“ఆ ఒక్కచోటా వినకు. లాగు జారినప్పట్నుంచీ అన్నీ కలిసే చూశాం. అదీ కలిసే విందాం.”

“వినకుండా పాస్ చెయ్యమంటావా?”

“ఎప్పుడు విన్నావురా నువ్వు పాట? ఇన్నేళ్లూ వినకుండానేగా పాస్ చేస్తున్నావు.”

టిక్కులున్న మొదటి నమూనాని వెనక్కి పంపి, అచ్చు మార్చి తీసిన రెండోదాన్ని అతను పళ్లెం మీద పెట్టాడు. మొదటి వైపు శుభ్రంగా ఉంది. తిప్పాడు. రెండో వైపు సగం దాకా శుభ్రమే. వాయిద్యాలు ఒక్కొక్కటీ తగ్గుతున్నాయి. అతని చేతులు హెడ్‌ఫోన్ల మీదికి వెళ్లాయి. పాడేవాడు ఊపిరి తీసుకున్నాడు. అతను రెండు చిప్పలూ ఎత్తి పట్టుకుని, చప్పుడులేని గదిలో, గాడి వెంట జరిగిపోతున్న ముల్లునే చూస్తూ నిలబడ్డాడు. ముల్లు ఎగరలేదు. ఇన్నేళ్లుగా ఎగిరే చోట బుద్ధిగా నడిచి వెళ్లిపోయింది.

తలుపు అద్దంలోంచి ఇది చూసి, మర నడిపే ముసలాయన తలుపు తోసి తొంగిచూశాడు. ఎప్పుడూ పొగలు కక్కుతూ ఉంటాడని ఆయన్ని ఆవిరి అంటారు.

“ఏంటి చెవిగారూ, చెవులు సెలవు పెట్టాయా?”

“చెమట పట్టింది మావయ్యా.”

“నీకు చెమటేంటి, నేను కదా పొయ్యి దగ్గర చచ్చేది. ఇంతకీ ఏమంటావు?”

అతను తలుపుకి ఆకుపచ్చ రేకు తగిలించాడు. వినకుండా తగిలించడం అదే మొదలు. కాసేపటికి మరలు దబదబ మొదలయ్యాయి. వినని ఆ కాస్తలో లోపముంటే వేల ఇళ్లలో అదే మోగుతుంది.

సాయంత్రం అతను వచ్చేసరికి కింది వాటాలో పిన్నిగారు మంచం పక్కన ఉన్నారు.

“పొద్దుట్నుంచీ నీ అడుగుల చప్పుడు కోసమే చూస్తోంది బాబూ. రెండు చెంచాల నీళ్లు దిగాయి, అంతే,” అని ఆవిడ గొంతు తగ్గించి చెప్పి, చెంచా తీసుకుని కిందికి వెళ్లారు.

అక్క ముఖం దిండులో ఇంకాస్త లోపలికి దిగింది. మెడలో టేపు మాత్రం ఉంది, తీయనివ్వలేదట. అతను చేతులు కడుక్కుని, తుడుచుకుని, తెల్ల చీటీ రికార్డుని అంచులతో పట్టుకుని బయటికి తీశాడు.

“గుండీ తీసెయ్,” అంది అక్క. “కొత్తదానికి బరువెందుకు?”

దారం తెంపి గుండీని ఆమె చేతిలో పెట్టాడు. ఆమె గుప్పిట మూసింది. అతను మొదటి వైపు పైకి వచ్చేలా రికార్డుని పళ్లెం మీద పెట్టబోయాడు.

“అది కాదు. రెండోదే పెట్టు.”

“వరస వరస అని ప్రాణం తీసింది నువ్వే కదక్కా.”

“తీశాలే. తిప్పు.”

అతను తిప్పాడు. ఎప్పట్లాగే ప్లేయరు ముందు నేల మీద కూర్చుని, మంచం పట్టెకి వీపు ఆనించాడు. పాట మొదలైంది. కాసేపటికి వెనక దుప్పటి కింద అక్క పాదం కదలడం పట్టె గుండా అతని వీపుకి తెలిసింది. నెమ్మదిగా, లేని మిషనుని తొక్కుతూ, ఏడు. మళ్లీ ఏడు.

వాయిద్యాలు తగ్గాయి. అల్మారా ఆగాడు. వేణువు ఆగింది. పాడేవాడు నిండుగా ఊపిరి పీల్చాడు.

టిక్కు.

చూపుడువేలు లేచింది. సరిగ్గా అక్కడే, తను వినకుండా వదిలేసిన చోటే. వేలు గాలిలో నిలబడింది. చుట్టు తిరిగి వచ్చింది. మళ్లీ వస్తుందా? ఇంకో చుట్టు. మరలు వేల మీద వేలు అచ్చుగుద్దుతున్నాయి. ఇంకో చుట్టు. చెవులు రెండూ ఆ వెంట్రుకంత చప్పుడు కోసం కాచుకుని ఉండగా, పాడేవాడి అరుపు వచ్చేసింది, అల్మారా వచ్చేశాడు, పాట ఎక్కడికో వెళ్లిపోయింది. టిక్కు మళ్లీ రాలేదు. ఆ ఖాళీలో ఏం మోగిందో మాత్రం అతనికి గుర్తులేదు. ఉద్యోగం తినేసింది.

“ఒక్క నిమిషం అక్కా,” అన్నాడు వెనక్కి తిరగకుండానే. “దుమ్మో, తప్పో తేల్చుకోనీ.”

ముల్లు ఎత్తి, కాస్త వెనక్కి జరిపి దించాడు. అల్మారా ఆగాడు. వేణువు ఆగింది. ఊపిరి. అతను దుమ్ము కోసం విన్నాడు. దుమ్ము లేదు. తప్పు లేదు. గాడి అద్దంలా ఉంది. అప్పుడు, ఇన్నేళ్ల చాకిరీలో మొదటిసారి, మిగిలింది విన్నాడు.

అక్కడ మాటలేం లేవు. వాడు ‘వస్తాను’ అనలేదు, ‘రాను’ అనలేదు. పీల్చిన ఊపిరిని అలాగే బిగపట్టి ఊరుకున్నాడు. అందరూ ఊరుకున్నారు. డ్రమ్ములవాడి కాలొక్కటే పెద్ద డోలుని తొక్కుతోంది, మెత్తగా, పక్కగదిలో ఎవరో చొక్కా చెయ్యి కుడుతున్నట్టు. ఏడు. మళ్లీ ఏడు.

“అక్కా, నీ మిషనే,” అన్నాడు. నవ్వొచ్చింది. “ఇన్నాళ్లూ మాటలనుకున్నాం గాని, నీ మిషనక్కా. రికార్డులో ఏ తప్పూ లేదు.”

వీపుకి ఆనిన పట్టె కదలడం లేదు.

అతను తిరిగి చూడలేదు. పాట అయ్యేదాకా అలాగే కూర్చున్నాడు. ముల్లు ఆఖరి గాడిలో పడి, అక్కడక్కడే తిరుగుతూ, ఒకటే బుస పెడుతున్నా లేవలేదు. వెంట్రుక పడితే వినే మనిషికి ఊపిరి ఆగడం వినబడలేదు. కిటికీ కింద తొక్కుడు మిషను మీద వెలుతురు తగ్గిపోయింది. అప్పుడు తిరిగాడు.

అక్క ముఖం ప్లేయరు వైపే ఉంది. చెయ్యి మంచం అంచు దాటి వేలాడుతోంది, గుప్పిట విడిపోయి ఉంది. అరచేతిలో గుండ్రని అచ్చు ఇంకా మాయలేదు.

కింద గచ్చు మీద, మంచం కోడు పక్కన, నాలుగు కన్నుల నల్ల కోటు గుండీ, ఒక కంట్లో తెగిన దారం.