ఆసుపత్రి కాగితంలో ఆరో ప్రశ్న

బఠానీలు వొలుస్తుంటే మా ఆయన, ఆసుపత్రివాళ్ళు నింపి తెమ్మన్న కాగితం తెచ్చి నా ముందు పెట్టారు. కళ్ళజోడు కనబడటం లేదట, నన్నే చదివి నింపమన్నారు. కళ్ళజోడు ఆయన జేబులోనే ఉంది. నా చదువు మూడో తరగతి, కూడబలుక్కుని చదువుతానని తెలిసీ నాకే ఇచ్చారంటే, తన నోటితో చదవలేకనే అనుకున్నాను.

ఆరు నెలల కిందట ఆయనకు ప్రోస్టేటు గ్రంథిలో కేన్సరు బయటపడింది. పెద్ద ఆపరేషను అక్కర్లేదు, సన్నటి సూది పంపి గడ్డ ఉన్నచోటే వేడితో కాల్చేస్తామన్నారు. అలాగే చేశారు, మర్నాడే ఇంటికి పంపేశారు. మగతనం కొన్నాళ్ళు తగ్గవచ్చనీ, చాలామందికి మళ్ళీ వస్తుందనీ, రాకపోతే మాత్రలున్నాయనీ డాక్టరు ఆయన్ని లోపల కూర్చోబెట్టి అరగంట చెప్పాడు. నన్ను బయట కూర్చోబెట్టి మూత్రం సంచి మార్చడం నేర్పారు. నేర్చుకున్నాను. నేర్చుకోకపోతే ఎవరు మారుస్తారు?

మొదటి ప్రశ్న కోరిక ఎంత ఉందని. ఒకటంటే అసలు లేదు, ఐదంటే బాగా ఉంది. ఆయన కిటికీ వైపు తిరిగి నిలబడి, "అన్నిటికీ ఐదు చుట్టెయ్" అన్నారు.

ఐదెక్కడిది? ఈ ఆరు నెలల్లో రెండుసార్లు ప్రయత్నించి, రెండుసార్లూ గోడవైపు తిరిగి పడుకున్న మనిషి. పోనీ నిజం రాద్దామా అంటే మాత్రలిస్తారు. మాత్రలిస్తే పాతరోజులు తిరిగొస్తాయి. కలం పట్టుకున్నానేగానీ అంకె చుట్టలేదు.

పాతరోజులంటే ఏం చెప్పను! పెళ్ళైన కొత్తలో మా అత్తగారు, "వాడు పిలిస్తే చేతిలో పని వదిలేసి వెళ్ళు, పనెక్కడికీ పోదు" అనేది. నిజమే, ఎక్కడికీ పోలేదు, తిరిగొచ్చేసరికి ఎంగిలి గిన్నెలన్నీ నాకోసమే కూర్చుని ఉండేవి. ఒంట్లో బాగున్నా బాగుండకపోయినా కళ్ళు మూసుకుని రేపటి పనులు తలుచుకునేదాన్ని. ఒకసారి వద్దన్నాను. వారం రోజులు ఆయన నాతో మాట్లాడలేదు, కూరలో ఉప్పు లేదన్న మాట తప్ప. అందుకే ఆ సూది వైద్యం చేయించుకొచ్చాక నాకు లోలోపల హాయిగా అనిపించింది. జబ్బుపడ్డ మొగుణ్ణి చూసి హాయిపడే ఆడది ఉంటుందా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

అంతటితో ఆగితే ఏదో ఒక అంకె చుట్టేసేదాన్నే. ఈ చలికి నా మడమలు పగిలాయి. ఊరికే కూర్చోలేక ఆయనే మధ్యాహ్నంపూట వాజలీను రాయడం మొదలుపెట్టారు. యాభై ఏళ్ళలో ఆయన నా పాదాలు చూడటం అదే మొదలు. "ఇన్ని పగుళ్ళా? ఎప్పుడూ చెప్పలేదేం?" అన్నారు. చెబితే వినే చెవులేవీ అని నవ్వాను. మొన్న ఆయన చెయ్యి చీలమండ మీద కాసేపు ఆగింది. నా ఒళ్ళు ఝల్లుమంది. అరవై ఎనిమిదేళ్ళ ముసలిదానికి, మనవరాలి పెళ్ళి చూసినదానికి, ఇప్పుడా! ఆ చెయ్యి అక్కడే ఉండాలనిపించింది. ఇంకొంచెం పైకి వచ్చినా బాగుండుననిపించింది. మాత్ర వేసుకుంటే ఆ చెయ్యి ఉంటుందో, పాత మనిషే వస్తాడో, అసలు నాకేం కావాలో, అన్నీ చిక్కుపడిపోయాయి.

మొదటి ఐదు ప్రశ్నలూ చదివాను. ఐదింటికీ కిటికీ దగ్గర్నుంచి "ఐదు" అనే వచ్చింది. నేను మాత్రం ఒక్కటీ చుట్టలేదు. ఆరోది చదవబోయాను. "మీ భార్యకు ఎంతవరకు తృప్తి..." ఇంకా పూర్తికాకుండానే ఆయన "ఐదు" అన్నారు.

కలం కింద పెట్టాను. "అది నన్ను కదా అడగాలి" అన్నాను.

ఆయన ఇటు తిరిగారు. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చున్నారు. ఆరో ప్రశ్న మొదటినుంచీ చదువుకున్నారు.

"ఎంత పెట్టమంటావు మరి?" అన్నారు.

"తెలీదండీ. ఇన్నేళ్ళూ ఎవరూ అడగలేదు."

బఠానీల పళ్ళెం ఆయన ముందుకు జరిపాను. "ఇవి మీరు వొలుస్తూ ఉండండి. నేను ఆలోచించుకోవాలి."