ఉచితంగా వేసిన రంగు

అక్క ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం మానేసి మరీ వార్డు ఎన్నికల్లో నిలబడింది. ఖర్చుల లెక్క చూసే పని చెల్లెలి నెత్తిన పడింది. ఒక లాయరు దగ్గర టైపిస్టు కాబట్టి, చట్టం ప్రకారం టీ ఖర్చుతో సహా అన్నీ చూపించాలని ఆమె పట్టుబట్టింది.

బావ సైన్‌బోర్డులు రాసే పెయింటరు. తెలిసినవాళ్ళ గోడలన్నిటి మీదా సొంత రంగుతో భార్య పేరు రాశాడు. పైసా పుచ్చుకోలేదు. అదే కొంప ముంచింది.

"ఉచితంగా చేసినా విరాళమేనండీ. మార్కెట్ రేటు కట్టి ఖర్చులో చూపాలి," అన్నాడు ఎన్నికల ఆఫీసులో పరిశీలకుడు.

"ఆయన మా అక్క మొగుడు సార్. పెళ్ళాం పేరు రాసుకుంటే రేటేంటి?"

"చట్టంలో మొగుళ్ళకి మినహాయింపు లేదు."

రేటు కట్టేసరికి ఖర్చు పరిమితి దాటింది.

"పోనీ, సున్నం కొట్టి చెరిపేస్తాం."

"ఆ సున్నం ఖర్చూ రాయాలి."

చెల్లెలికి ఒళ్ళు మండింది. ప్రత్యర్థి అయిన కాంట్రాక్టరు తన మనవడి పుట్టినరోజని వార్డంతటికీ భోజనాలు పెట్టి, మైకులో ఓట్లడిగాడు.

"మరి దాని సంగతి?"

"కుటుంబ వేడుకని రాసిచ్చారు."

"మీరూ తిన్నారు కదా సార్."

ఆయన తర్వాతి ఫైలు తీశాడు.

అక్క గెలిచింది. పరిమితి దాటినందుకు ఆ గెలుపు రద్దయింది. రెండో స్థానంలో ఉన్న కాంట్రాక్టరుకే పదవి దక్కింది.

"గోడల సంగతి వాళ్ళెవరూ అడగలేదు. నువ్వే చెప్పావు," అన్నాడు బావ.



"దాన్నేమీ అనకండి. ఆ లెక్కలు చదివే సంతకం పెట్టాను," అంది అక్క. మర్నాడు పాత ఉద్యోగం అడగడానికి ఆస్పత్రికి వెళ్ళింది.

చెల్లెలు ఆ భోజనాల ఫొటోలు పట్టుకుని కోర్టుకి వెళ్ళింది.

"ఈ కేసు ఓడిన అభ్యర్థి వెయ్యాలమ్మా. మీ అక్క గెలిచింది కదా," అన్నాడు గుమాస్తా.

"గెలుపు రద్దయింది కదండీ."

"రద్దయితే ఇక అభ్యర్థే కాదు."

ఆమెకి గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది. "ఓటరు వెయ్యొచ్చా?"

ఆయన కాసేపు పుస్తకం తిరగేశాడు. "వెయ్యొచ్చు."

"నేను ఓటర్నే. తీసుకోండి."

తీసుకున్నారు. వాయిదా మీద వాయిదా పడి, విచారణ మొదలయ్యేసరికి కాంట్రాక్టరు పదవీకాలం సగం గడిచిపోయింది. అయినా ప్రతి వాయిదాకీ ఆమె సెలవు పెట్టి వెళ్తూనే ఉంది. జీతం కోసినప్పుడల్లా దారి పొడుగునా చట్టాన్ని తిట్టుకుంటుంది.