పెంటప్ప చెవులల్ల చప్పుడు

పొద్దున ఏడు కొడితే పెంటప్ప మరమగ్గాల కార్ఖానాకు పోవుడు, రాత్రి ఏడింటికి చెవుల నిండ సాంచెల చప్పుడు నింపుకొని ఇల్లు చేరుడు. పద్దెనిమిదేండ్ల సంది ఇదే వరస. కరెంటు పోయి సాంచెలు ఆగినా ఆయన చెవులల్ల మాత్రం ఖట్ ఖట్‌మని ఆడుతనే ఉంటయి. పక్కన కూసున్నోళ్ళకు సుత వినబడుతది. సోలాపూర్ దాజీ పేట్‌ల ఎవరూ దాన్ని వింత అనలే. పక్కింటి బాలమణి అయితే ఏడ్చే మనుమరాలిని తెచ్చి ఆయన ఒళ్ళ పండబెట్టి పోయేది. ఆ చప్పుడుకు పిల్ల రెండు నిమిషాల్ల నిద్రపోయేది.

బాధంత ఆయన పెండ్లాం చంద్రభాగది. ఏం చెప్పినా మనిషికి వినబడదు. వినబడలేదని ఒప్పుకుంటడా, అదీ లేదు. నవ్వుకుంట తల ఊపి "ఆఁ ఆఁ" అంటడు. కార్ఖానా సేటు అంబాదాస్ అడిగినప్పుడు కూడా అట్లనే ఊపిండు. సేటు అడిగిందేమో, "భివండిల కొత్త కార్ఖానా పెడుతున్న, ఇల్లెత్తుకొని వస్తవా?" అని!

చంద్రభాగ గుండెల రాయి పడ్డది. భివండిల ఒక్క ఖోలీల పదిమంది ఉండాలె. బిడ్డ విజయ పదోతరగతి నడిమిట్ల ఆగుతది. వారం దినాలు మొగుని ముందర మొత్తుకున్నది. రాసి చూపిద్దామంటే ఆయనకు చదువు రాదు. సైగ చేద్దామంటే భివండికి సైగ యాడున్నది? మారాజు "ఆఁ ఆఁ" అన్నడు.

ఆ ఆదివారం కార్ఖానాకు సుట్టి. భివండి వచ్చేటోళ్ళను ఖుషీ చేద్దామని సేటు అందర్ని మెటాడోర్‌ల ఎక్కించి బిజాపూర్ తోల్కపోయిండు. "రేపే లారీ వస్తది, సామాన్లు కట్టుండ్రి" అని దారిల చెప్పిండు.

భీమా వంతెన కాడ ఆగి జొన్నరొట్టెలు, పల్లీల చట్నీ తిన్నరు. చంద్రభాగ నీళ్ళల్ల కాళ్ళు పెట్టి కూసున్నది. పెండ్లయినంక ఇదే మొదటి షికారు. "ఎంత సల్లగున్నదయ్యా!" అన్నది. "ఆఁ" అన్నడు. ఒళ్ళు మండింది ఆమెకు.

బిజాపూర్‌ల పెద్ద ఫిరంగి చూసి, ఆఖరికి గోల్ గుంబజ్ ఎక్కిండ్రు. పైన గుమ్మటం చుట్టున్న వసారాల పెంటప్ప అడుగు పెట్టిండో లేదో, చెవులల్ల చప్పుడు బయటికి దుంకింది. ఖట్ ఖట్‌మనుకుంట గుమ్మటమంత ఒక చుట్టు తిరిగి, పైన పావురాల పక్కకు చేరి మెల్లగయింది.

కాపలాదారు కసురుకున్నడు. "అరే భాయ్, మీ సోలాపూరోళ్ళంత ఇంతే! ఎవరి చప్పుడు వాళ్ళే వాపస్ తీస్కపోవాలె."

చంద్రభాగ గుమ్మటం అవతలి దిక్కు గోడకు ఒరిగి తనలో తనే గొణుక్కుంటున్నది. "నాకు భివండి వద్దు దేవుడా. బిడ్డ చదువు పాడయితది. ఈ మనిషికి ఎట్ల చెప్పాలె?"

ఆ గొణుగుడు గోడ పట్టుకొని వచ్చి పెంటప్ప చెవిల పడ్డది. పెండ్లాం గొంతు ఇంత సన్నగుంటదని ఆయన మరిచేపోయిండు. గోడకు మూతి పెట్టి అడిగిండు.

"చంద్రీ, భివండికి ఎవరు పోతున్నరే?"

"మనమే! నువ్వే గదా సేటుకు ఆఁ అన్నది!"

"అయ్యో, నేను అందరికీ ఆఁ అంట గదనే!"

ఇంతల సేటు పక్కకొచ్చి, "ఏం పెంటప్పా, రేపు లారీకి తయారేనా?" అన్నడు. పెంటప్ప అలవాటుగ తల ఊపబోయి ఆగిండు. పుట్టి బుద్ధెరిగినకాంచి ఏ సేటుకూ కాదన్నోడు కాదు. అవతల చంద్రభాగ గోడకు చెవి ఆనించింది.

"రాను సేటూ," అన్నడు మెల్లగ.

గుమ్మటానికి మెల్లగ అనుడు రాదాయె. రాను, రాను, రాను అని ఏడుసార్లు ఉరిమింది. మూడోసారికి షికారుకొచ్చినోళ్ళంత తిరిగి చూసిండ్రు. ఏడోసారికి సేటు రెండు చేతులు జోడించిండు.

"ఒక్కసారి చెప్తే చాలదారా! సరే తియ్, సోలాపూర్‌ల పాత కార్ఖానా నువ్వే చూసుకో."

చెవులల్ల చప్పుడు గుమ్మటంల పావురాల కాడనే ఉండిపోయింది. వాపస్ పోయేటప్పుడు పెంటప్ప పెండ్లాం పక్కకు జరిగి కూసున్నడు.

"ఇన్నేండ్లు ఇంకేమేం చెప్పినవే నాకు? మళ్ళొక్కసారి చెప్పు."

చంద్రభాగకు నవ్వొచ్చింది, కండ్లల్ల నీళ్ళూ వచ్చినయి. కొంగు దోపుకొని పెండ్లయిన తెల్లారి కాంచి మొదలుపెట్టింది. సోలాపూర్ మిల్లుల పొగగొట్టాలు కనబడేయాల్లకు ఆ ముచ్చట్ల ఇంకా విజయ పుట్టనే లేదు.