తిమ్మక్క పేరున చలివేంద్రం

ఆ రోజు ఇంట్లో ఆరుగురం ఉన్నాం. ముందు గదిలో వరదరాజులు మామ, వ్యాపారుల సంఘం పెద్ద గోవిందరాజులు తాత, స్టీలు సామాన్ల అంగడి దొరస్వామి, సెల్‌ఫోన్ల కాంప్లెక్సు సొంతదారు దాసప్ప. వంటింట్లో శాంతకుమారి అత్త. రెండు గదులకూ మధ్య గడప దగ్గర, ఎవరు పిలిస్తే అటు పోవడానికి, నేను.

ఆ రోజు మంగళవారం. మదనపల్లెలో మా నూలంగళ్ళ వీధికి వారపు సెలవు. సెలవు అంగళ్ళకే, అత్తకు కాదు. వచ్చేవాళ్ళకు ఓళిగలు, చిత్రాన్నం, వంకాయ పులుసు చెయ్యాలని మామ ముందురోజే చెప్పాడు. నాలుగున్నరకు లేచి ఆమె శనగపప్పు ఉడకేసింది. నేను లేచేసరికి పూర్ణం రుబ్బడం కూడా అయిపోయింది.

అత్త మా నాన్నకు చెల్లెలు. మాది పెద్దమండ్యం దగ్గర పల్లె. అక్కడి బడిలో పదో తరగతి అయ్యాక ఇంటర్ చదవడానికి నన్ను వీళ్ళింట్లో ఉంచారు. దింపడానికి వచ్చిన రోజు మా నాన్నతో మామ, "మా యింటి బిడ్డ మాదిరే ఉంటాదిలే బావా," అన్నాడు. ఇంటి బిడ్డ అంటే ఏమిటో నాకు వారంలోనే అర్థమైంది. పొద్దున ఇల్లు తుడవడం, కాలేజీ అయ్యాక నేరుగా అంగడికి పోవడం, రాత్రి అత్తతో కలిసి ఇంటికి రావడం. అత్త కూతురు నీలిమక్క పెళ్ళై కుప్పం పోయేదాకా ఇవన్నీ తనే చేసేది. ఆమె ఖాళీ చేసిన చోటులో నన్ను పెట్టారు. నాకు దాని మీద కోపం లేదు. నలుగురిలో నోరు పెగలని దాన్ని, ఏదైనా పని చేతిలో ఉంటేనే నాకు ధైర్యం.

మా అంగడి మ్యాచింగ్ సెంటర్. చీర చెంగు చూపిస్తే దానికి సరిపోయే జాకెట్టు గుడ్డ ఇవ్వాలి. అత్త ఒక్కసారి చూసి, వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపి తీస్తుంది. నెమలికంఠంలోనే ఆమె దగ్గర పదకొండు రకాలున్నాయి. పదిహేడేళ్ళుగా పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా ఆ స్టూలు మీద కూర్చుంటోంది. "కూచోని ఉండేదానికి నీకేం కష్టం?" అని మామ అనడం నేనే చాలాసార్లు విన్నాను.

కూర్చుని ఉండడమే కష్టం. అది నాకు మొదటిరోజు చెప్పింది మా అంగడి ముందర పూలమ్మే మునిలక్ష్మక్క. "పొద్దన కాఫీ ఒకటే తాగు. నీళ్ళ జోలికి పోగాకు. దప్పికైతే లవంగం బుగ్గన పెట్టుకో. నెలసరి వస్తే ఆ మూడు దినాలు ఏదో ఒక సాకు సెప్పి ఇంట్లోనే ఉండు," అంది. నేను తెల్లబోయి చూస్తే నవ్వింది. "ఈ వీధిలో అంగళ్ళల్లో కూచునే ఆడోళ్ళం పద్నాలుగు మందిమి. పోయేకి యాడా లేదమ్మా," అంది.

మగవాళ్ళకు ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ వెనక గోడ ఉంది. మామ "రెండు నిమిషాలు" అని పోయి నిజంగా రెండు నిమిషాల్లో వస్తాడు. అత్త ఒకసారి అడిగితే, బస్టాండు దగ్గర ఉండాది కదా అన్నాడట. బస్టాండుకు పోయిరావడానికి అరగంట. తర్వాతి వారం ఆమె పోయింది. వచ్చేసరికి గిరాకీ తిరిగిపోయిందని నలుగురి ముందు కేకలేశాడు. మళ్ళీ పోలేదు.

కిందటి ఏడాది నడుము నొప్పి, జ్వరం వచ్చి తగ్గకపోతే, నీలిమక్క ఆమెను కుప్పం పిలిపించుకుని పెద్ద ఆసుపత్రిలో చూపించింది. దినానికి ఎన్ని నీళ్ళు తాగుతారమ్మా అని డాక్టరు అడిగితే, "తాగతాదండీ, బాగానే తాగతాది," అని వెంట పోయిన మామ జవాబు చెప్పాడట. మూడు లీటర్లు తాగాలి, లేకుంటే కిడ్నీలు పాడవుతాయని డాక్టరు చెప్పాడు. తిరిగొచ్చేటప్పుడు మామ ఆమెకు రెండు లీటర్ల నీలం బాటిలు కొన్నాడు. ఆ సంగతి అందరికీ చెప్పుకున్నాడు కూడా. ఆ బాటిలు రోజూ నిండుగా గల్లాపెట్టె పక్కన ఉంటుంది. చీరలకు మ్యాచింగ్ వెతుక్కోవడానికి వచ్చినవాళ్ళు అందులో నీళ్ళు తాగిపోతారు.

సంఘం వాళ్ళు ఆ రోజు మా ఇంట్లో చేరింది వీధి అరవై ఏళ్ళ పండగ గురించి. ఆర్చి కట్టాలి, సీసీ కెమెరాలు పెట్టాలి. అవి ముందే తీర్మానమైపోయాయి. మిగిలింది ఒకటే. దాసప్ప తన కాంప్లెక్సు పక్కన ఆరడుగుల మూల వీధికి ఇస్తానన్నాడు. వాళ్ళమ్మ తిమ్మక్క ఇల్లు ఒకప్పుడు అక్కడే ఉండేది. ఆ మూలలో ఏం కట్టాలో ఆ రోజు తేల్చాలి.

ఓళిగలు ఒత్తుతూ అత్త పొద్దున నాతో ఆ మాటే చెప్పింది. "ఆరడుగులు సాలు వర్షీ. ఒక బాత్రూము పడతాది. ఈ దినం అడగతా." ఆమె తనకోసం ఏదైనా కావాలనడం ఈ రెండేళ్ళలో నేను వినలేదు. చెప్పేటప్పుడు పిండి చేతులతోనే చెంపలు తుడుచుకుంది.

ముందు గదిలో వీధి చరిత్ర మొదలైంది. పండగకు అచ్చు వేయిస్తారట, నన్ను రాసుకోమన్నారు. గోవిందరాజులు తాత వాళ్ళ నాన్న పుంగనూరు నుంచి సైకిలు మీద నూలు కట్టలు తెచ్చి రోడ్డు పక్కన పరిచి అమ్మడంతో వీధి పుట్టిందట. తర్వాత మూడు అంగళ్ళు వచ్చాయి. మగ్గాలవాళ్ళు పల్లెల నుంచి నడిచొచ్చి నూలు కొనుక్కుపోయేవాళ్ళు. మగ్గాలు తగ్గాయి, నూలు పోయింది, చీరలొచ్చాయి. చీరల వెంట మ్యాచింగ్ సెంటర్లు, ఫ్యాన్సీ స్టోర్లు, స్టీలు అంగళ్ళు, ఇప్పుడు సెల్‌ఫోన్లు. ఇప్పుడు వీధిలో మూర నూలు దొరకదు, పేరు మాత్రం మిగిలింది. ఎవరు ఏ అంగడి పెట్టారో ఒక్కొక్కరు చెబుతుంటే రాశాను. రెండు పేజీల్లో ఒక్క ఆడపేరు రాలేదు. మధ్యలో దొరస్వామి, "నీ అంగడి మీ యావిడ కూచుంటే నడస్తాది వరదప్పా, నువ్వు కూచుంటే నిద్దరపోతాది," అని ఎకసెక్కం చేశాడు. "ఆడోళ్ళ రంగులు ఆడోళ్ళకే తెలుస్తాయిలే," అని మామ నవ్వాడు. మామ పేరు కూడా రాశాను.

అత్తా మునిలక్ష్మక్కా నాకు చెప్పిన చరిత్ర వేరు. వీధి వెనక ఒకప్పుడు కంపచెట్ల బయలుండేది. ఆడవాళ్ళు చీకటితో ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి అక్కడికి పోయేవాళ్ళు, మధ్యలో పగలంతా బిగబట్టుకునేవాళ్ళు. ఆ బయలు ప్లాట్లయింది. అప్పుడు తిమ్మక్క తన పెరటి తలుపు తీసింది. మనిషికి ఒక కడవ నీళ్ళు వీధి కొళాయి నుంచి తెచ్చి పొయ్యాలని ఒకటే షరతు. పొద్దున పదకొండుకు, సాయంత్రం నాలుగుకు గిరాకీ తగ్గే వేళ ఒక్కొక్కరే వచ్చేవాళ్ళు. తమ వంతు వచ్చేదాకా అరుగు మీద కూర్చుని ఆమె బియ్యంలో రాళ్ళు ఏరేవాళ్ళు, తెల్లగడ్డలు ఒలిచేవాళ్ళు. మూడేళ్ళ కిందట ఆమె చనిపోయింది. "కోడండ్లకంటే మేమే ఎక్కువ ఏడ్చినాము. దేనికేడ్చినామో మాకు తెలుసు," అంది మునిలక్ష్మక్క. ఏడాది తిరిగేలోపు దాసప్ప ఆ ఇల్లు పడగొట్టి కాంప్లెక్సు కట్టాడు. అందులో బాత్రూములు రెండో అంతస్తులో ఉన్నాయి. తాళంచెవి సెల్‌ఫోన్ షోరూములో ఉంటుంది. అడగాలంటే ఆరుగురు మగవాళ్ళ ముందు నిలబడి అడగాలి.

అత్త మొదటిసారి ఓళిగల పళ్ళెంతో వచ్చింది. నేను రాయడం ఆపి ఆమె ముఖం చూశాను. వడ్డించి వెళ్ళిపోయింది. రెండోసారి నెయ్యి తెచ్చింది. గోవిందరాజులు తాత పక్కన నిలబడి గొంతు సవరించుకుంది. ఆయన తలెత్తి, "ఏందమ్మా?" అన్నాడు. "ఇంకొంచెం ఏసేదా అన్నా," అంది. మూడోసారి వట్టి చేతులతో గడప దాకా వచ్చింది. మామ, "నీళ్ళు పట్రా," అన్నాడు.

ఆ లోపల తాత తేల్చేశాడు. మన వీధి ఆడోళ్ళకు తిమ్మక్కంటే ప్రాణం, దినానికి రెండుసార్లు ఆమె అరుగు ఎక్కకుండా ఉండేవాళ్ళు కాదు, ఏ వీధిలోనూ ఇంత ఐకమత్యం లేదు అన్నాడు. దాసప్ప కళ్ళు తుడుచుకున్నాడు. "ఆమె పేరున సలివేంద్రం పెడదాం. అంగళ్ళల్లో కూచునే మన ఆడబిడ్డలు సల్లని నీళ్ళు తాగతారు. రాయి తల్లీ," అన్నాడు తాత.

నా చేతిలో పెన్ను కదల్లేదు. వంటింట్లో కూడా గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"రాసినావా?"

"లేదు తాతా."

"యాల?"

"మన వీధిలో ఆడోళ్ళు నీళ్ళు తాగరు తాతా."

ఆ గొంతు నాదేనని నాకే నమ్మకం కలగలేదు. మొదలుపెట్టాక ఆగలేకపోయాను. తల వంచుకుని, పుస్తకం కేసి చూస్తూ అంతా చెప్పాను. లవంగాలు, కడవలు, అరుగు మీద వంతులు, కుప్పం డాక్టరు, నీలం బాటిలు. ఆ ఆరడుగుల్లో బాత్రూము కట్టమన్నాను. దొరస్వామి నవ్వు ఆపుకోలేక దగ్గాడు. మామ ముఖం ఎర్రబడింది.

దాసప్ప మాత్రం నవ్వలేదు, కోప్పడలేదు. "అయితే వాళ్ళు మా యమ్మ కోసరం వచ్చింది కాదా? మా యింటి కక్కసు కోసరమా?" అన్నాడు. ఆయన్ని చూస్తే నాకు జాలేసింది. రెండూ నిజమే కావచ్చని చెప్పాలనుకున్నాను. ఆలోపే తాత వంటింటి వైపు తిరిగాడు.

"శాంతకుమారీ, ఇట్ల రామ్మా," అని తాత పిలిచాడు. అత్త గడప దగ్గరికి వచ్చింది. చేతిలో అట్లకాడ ఉంది. "ఈ పాప సెప్పేది నిజమేనా? నువ్వు సెప్పు. నిజమైతే అదే కడదాం, మాకేముండాది," అన్నాడు. ఆయన మంచిగానే అడిగాడు. ఇప్పటికీ నన్ను తినేది అదే. ఒక్క 'అవును' చాలు. పద్నాలుగు మంది ఆ ఒక్క మాట వెనక నిలబడి ఉన్నారని నాకనిపించింది.

అత్త మామ వైపు చూడలేదు. నా వైపూ చూడలేదు. నేల చూస్తూ, "సిన్నపిల్ల, తెలీక మాట్లాడింది. మేము తిమ్మక్కను సూసేకే పోతాంటిమి," అంది.

దాసప్ప గట్టిగా ఊపిరి వదిలాడు. పుస్తకం నా ఒడిలోంచి దొరస్వామి తీసుకుని తీర్మానం తనే రాశాడు. నలుగురూ సంతకాలు పెట్టారు. తర్వాత భోజనాలు చేశారు, వంకాయ పులుసు బాగుందన్నారు. మూడున్నరకు లేచారు. వాళ్ళను సాగనంపడానికి చెప్పులేసుకుంటూ మామ నాకు వినబడేటట్టు అత్తతో, "మీ యన్నకు ఫోన్ సెయ్యి. పరీక్షలు అయినాక వచ్చి తోడకపొమ్మను. సదివింది సాలు, నోరు పెరిగింది," అన్నాడు. అత్త తల ఊపింది.

ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. పళ్ళేలు ఎత్తుతున్నాను. ఆమె నన్ను తిడితే బాగుండునని ఉంది. కొట్టినా బాగుండు. ఆమె గబగబా ముందు గది దాటి పెరట్లోకి పోతోంది. పోతూ పోతూ గోడ పట్టుకుని ఒక క్షణం వంగి నిలబడింది. అప్పుడు నాకు తెలిసింది. మా ఇంట్లో బాత్రూము పెరట్లో ఉంది. వంటింటికి వేరే తలుపు లేదు, పెరట్లోకి పోవాలంటే ముందు గదిలోంచే దారి. ఆ నలుగురూ తొమ్మిదిన్నర నుంచి అక్కడే కూర్చున్నారు. తన ఇంట్లో, సెలవు రోజున, ఆమె ఆరు గంటలు బిగబట్టుకుని వాళ్ళకు వడ్డించింది.

నేను వెనకే పరిగెత్తాను. ఎందుకట్లా చెప్పినావత్తా, ఆ తాత కడతానన్నాడు కదా అని అడిగాను.

ఆమె బాత్రూము గడప మీద ఆగింది. నా మీద కోపం లేదు ఆమె ముఖంలో. నేనేదో చిన్నపిల్లకు కూడా తెలిసిన సంగతి అడిగినట్టు చూసింది.

"నాక్కూడా ఒంటికి వస్తాదని, ఆ నలుగురు మగోళ్ళ ముందర నా నోటితో ఒప్పుకోమంటావా వర్షీ?" అంది.

నా ముఖం మీదే తలుపు వేసి గడియ పెట్టుకుంది.