పదిహేడో నంబరు

ఆదివారం పొద్దున చిక్కుడుకాయలు ఒలుస్తుంటే సిద్ధార్థ ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టాడు.

"ప్రొఫెసర్ పోస్టుకు పంపాలె. నా పేపర్లన్నీ వరసగ పెట్టి, దేనికెన్ని సైటేషన్లున్నయో పక్కన రాయి. నీకు అలవాటే గద."

అలవాటే. మా ఆయన కామారెడ్డిలో వైద్య పరిశోధకుడు. ఆయన చొక్కాలకు ఊడిన గుండీలు కుట్టేదాన్నీ, పేపర్లకు పట్టికలు వేసేదాన్నీ నేనే.

చేతులు కడుక్కుని కూర్చున్నాను. ఇరవై ఆరు పేపర్లు. చాలావాటిని పదిమంది కూడా పట్టించుకోలేదు. ఒక్కదాన్ని మాత్రం నాలుగు వందల పన్నెండు పేపర్లు ఆధారంగా చూపాయి, అంటే అన్ని సైటేషన్లు. బీడీలు చుట్టే ఆడవాళ్ల ఊపిరితిత్తుల మీద రాసిన పేపరది. ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఊళ్లలో చుట్టేవాళ్లూ చుట్టనివాళ్లూ కలిపి మూడు వందల మందికి నేనే రక్తం తీశాను, ఊపిరి కొలిచే గొట్టంలో ఊదించాను, అన్నీ నోట్‌బుక్కులో రాసుకున్నాను. అచ్చయ్యేనాటికి నాకు ఏడో నెల. రచయితల్లో నా పేరు లేదు. చివర ఎక్కడో, సాయం చేసినందుకు శ్రీమతి ప్రమోదకు కృతజ్ఞతలు అని ఒక వాక్యం. అదేమిటని అడిగితే అత్తమ్మ నవ్వింది. "ఇంట్ల ఒకరికి పేరొస్తే ఇద్దరికొచ్చినట్టే. పేపర్ల పేరుంటే రేపు పిల్లకు పాలొస్తయా ఏంది?" తొమ్మిదేళ్లుగా ఆ పేపరు తెరవలేదు. తెరిస్తే ఏడుస్తానని.

ఇవాళ తప్పలేదు. ఎంపిక కమిటీ దాని అసలు లెక్కల పట్టిక కూడా అడిగింది. పట్టికలో పేర్లుండవు, నంబర్లే. నా వేలు పదిహేడు దగ్గర ఆగింది. పదిహేడు అంటే మా అమ్మ భూమక్క. సూది గుచ్చుతుంటే, "నీ చదువుకు పనికొస్తదంటె ఇంకో సీస తీస్కో బిడ్డా" అంది. గొట్టంలో ఊదమంటే సగానికే దగ్గు. "ఊదుడు నాతోని కాదే. చుట్టుమను, సూస్తువు" అని నవ్వింది.

పదిహేడు పక్కన ఇలా ఉంది: బీడీలు చుట్టని స్త్రీ.

మళ్లీ చదివాను. అమ్మ ముప్పై ఏళ్లు చుట్టింది. ఒళ్లో చాట, చాటలో పొగాకు, పక్కన కత్తిరించిన తునికాకు. కానీ బీడీ కంపెనీ పనివాళ్లకిచ్చే కార్డు నానమ్మ పేరు మీద ఉండేది. మా వైపు చాలా ఇళ్లలో అంతే. కార్డు అత్తది, చుట్టేది కోడలు.

అటక మీంచి నోట్‌బుక్కు దించాను. "17. కార్డు లేదు. అత్త కార్డు మీద చుడుతుంది." నా రాతే. అలాంటివాళ్లు అరవై మూడు మంది. కార్డు లేదని ఆయన అందరినీ చుట్టనివాళ్లలో కలిపేశాడు. వాళ్ల ఊపిరితిత్తులూ పాడయ్యే ఉన్నాయి కాబట్టి రెండు గుంపులకూ పెద్ద తేడా కనిపించలేదు. బీడీ పనితో ఊపిరికి చెప్పుకోదగ్గ ముప్పు లేదని పేపరు తేల్చింది. నాలుగు వందల పన్నెండు చోట్లా ఆ మాటే. అమ్మ పోయి నాలుగేళ్లు. చివరి నెలల్లో పడుకుంటే ఊపిరాడక, గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది.

నోట్‌బుక్కు ఆయన ముందు పెట్టాను.

"కార్డు లేదని నువ్వే రాసినవు గద" అన్నాడు.

"దాని పక్కన ఇంకో మాట కూడ రాసిన."

చదివాడు. మూసి పక్కకు జరిపాడు.

"అప్పుడు గవన్నీ చూసే టైం లేకుండె. నాలుగు వందల మందికి రాని అనుమానం నీకెందుకు? ప్రొఫెసర్ అయినంక చూద్దాం. చాయ్ పెట్టుపో."

చాయ్ పెట్టి ఇచ్చాను. మళ్లీ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఆ పేపరు వేసిన పత్రికకు ఉత్తరం రాశాను. అలాంటి ఉత్తరాలనూ అచ్చేస్తారు, అవీ సైటేషన్ల లెక్కలోకే వస్తాయి. అరవై మూడు మంది వివరాలూ ఫోటోలు తీసి జతచేశాను. పంపే ఫారంలో, ఈ పేపరుతో మీ సంబంధం ఏమిటని ఒక ప్రశ్న ఉంది. "ఈ వివరాలు సేకరించింది నేను. పదిహేడో నంబరు కూతుర్ని" అని రాశాను. తొమ్మిదేళ్లుగా ఆ పేపరు మీద నా పేరుండాలని కోరుకున్నాను. అది తప్పని చెప్పే ఉత్తరం కింద పూర్తి పేరు రాసి పంపాను.

లోపల్నుంచి సిద్ధార్థ కేకేశాడు. "ఆ బీడీల పేపర్‌కు నాలుగు వందల పన్నెండేనా, ఇంక పెరిగినయా?"

చిక్కుడుకాయల గిన్నె ఒళ్లోకి తీసుకున్నాను.

"ఇంకొకటి వస్తది" అన్నాను. "అది నాది."